ఆత్మవంచన – పరవంచన

నిజాయితీ అనే మాట మన ఇళ్ళల్లో ఎక్కువగా వినిపించేది పనిమనుషుల విషయంలో. "మనిషి నిజాయితీ గలది, బీరువా తాళాలు ఇచ్చి వెళ్ళినా భయం లేదు" అంటారు. కొట్లో గుమాస్తా నిజాయితీ గలవాడై ఉండాలి. పాలేరు నిజాయితీ గలవాడై ఉండాలి. కళ్ళం దగ్గర రాత్రి కాపలా పడుకునేవాడు మరీ నిజాయితీ గలవాడై ఉండాలి. ఆ గుమాస్తాను పెట్టుకున్న షావుకారు రెండు రకాల లెక్కలు రాయిస్తాడనీ, ఆ పాలేరును పెట్టుకున్న ఆసామి గింజలు పుచ్చుకునే కుంచం వేరు, కొలిచి ఇచ్చే కుంచం వేరు అనీ ఊళ్ళో అందరికీ తెలుసు. కాని వాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు నిజాయితీ అన్న మాట ఎవరికీ గుర్తు రాదు. వాళ్ళు "వ్యవహారం తెలిసినవాళ్ళు."

ఈ తేడాను మొదటిసారి గమనించిన యువకుడికి కోపం వస్తుంది. రావాలి కూడా. ఆ కోపంలో అతను ఇంకొక అడుగు వేసి, నిజాయితీ అనేదే ఆస్తిపరులు తమ ఆస్తికి వేసుకున్న తాళమనీ, ఆస్తి లేనివాడికి ఆ తాళాన్ని కాపాడవలసిన పని లేదనీ, ఉద్యమానికి పనికివచ్చేది నిజం, పనికిరానిది అబద్ధం అనీ తేల్చేస్తాడు. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో ఏటా ఒక్క విద్యార్థి అయినా నాతో ఈ వాదన చేస్తుండేవాడు. వాళ్ళల్లో తెలివిగలవాళ్ళు లెనిన్‌ను సాక్షిగా పిలిచేవాళ్ళు. 1920 అక్టోబరులో యువజన సంఘం మూడవ మహాసభలో ఆయన చేసిన ఉపన్యాసంలో, తమ నీతి వర్గపోరాట ప్రయోజనాలకు లోబడినదని చెప్పిన మాట నిజమే. అయితే పుస్తకంలో ఉన్నదానికీ ఆచరణకూ సంబంధం తెగిపోవటం పాత సమాజం మనకు మిగిల్చిన కీడుల్లో ఎంతో పెద్దదన్నది కూడా ఆ ఉపన్యాసంలోనే ఉంది. నినాదాలు వల్లెవేసి కమ్యూనిస్టులం అయిపోయామనుకునేవాళ్ళను ఆయన చీవాట్లు పెట్టింది కూడా అక్కడే. మొదటి ముక్కను కంఠస్థం చేసినవాళ్ళు రెండవ ముక్కను ఎందుకు వదిలేస్తారో ఎవరికి వాళ్ళు ఆలోచించుకోవచ్చు.

యజమాని అడిగే నిజాయితీని పక్కన పెట్టిన తర్వాత ఇంకేమైనా మిగులుతుందా అన్నదే ఇక్కడ ప్రశ్న. మిగులుతుందనే నా అభిప్రాయం. మిగలటమే కాదు, అసలు బరువంతా దాని మీదనే ఉన్నది.

అబద్ధం ఆడటమే పాపం అన్నవాళ్ళతో మొదలుపెడదాం. జర్మన్ తత్వవేత్త ఇమాన్యుయేల్ కాంట్ 1797లో ఒక చిన్న వ్యాసం రాశాడు. ఫ్రెంచి రచయిత బెంజమిన్ కాన్‌స్టాంట్‌కు అది సమాధానం. మీ స్నేహితుడు మీ ఇంట్లో దాక్కున్నాడు. అతన్ని చంపటానికి వచ్చినవాడు గుమ్మంలో నిలబడి, లోపల ఉన్నాడా అని మిమ్మల్ని అడిగాడు. ఏం చెప్పాలి? కాన్‌స్టాంట్ దృష్టిలో నిజం తెలుసుకునే హక్కు హంతకుడికి లేదు. కాంట్ ఒప్పుకోలేదు. అబద్ధం ఆడరాదన్నాడు. మీరు లేడని చెప్పి, ఈలోగా ఆ స్నేహితుడు నిజంగానే దొడ్డిదారిన బయటికి పోయి, వీధిలో హంతకుడికి ఎదురైతే ఆ చావుకు బాధ్యత మీదేనని లెక్క కట్టాడు. అంత గొప్ప బుర్ర ఇంత విడ్డూరమైన లెక్క వెయ్యటం చూసి జాలిపడవలసిందే.

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. కర్ణపర్వంలో ఉన్నది. కర్ణుడి చేతిలో దెబ్బతిన్న ధర్మరాజు శిబిరానికి వచ్చి, గాండీవాన్ని ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని అర్జునుణ్ణి ఈసడిస్తాడు. ఆ మాట అన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి ఒక వ్రతం ఉన్నది. సత్యం తప్పకూడదని అన్న మీదికే కత్తి దూస్తాడు. అప్పుడు కృష్ణుడు అతనికి కౌశికుడి కథ చెబుతాడు. కౌశికుడు ఊరికి దూరంగా నదుల సంగమంలో తపస్సు చేసుకునే బ్రాహ్మడు. ఎప్పుడూ నిజమే చెబుతానని వ్రతం పట్టాడు, సత్యవాది అని పేరు తెచ్చుకున్నాడు. ఒకనాడు దొంగలకు భయపడి కొందరు మనుషులు అక్కడి అడవిలో దాక్కున్నారు. వెంటపడి వచ్చిన దొంగలు, మీరు సత్యవాదులు గదా, వాళ్ళు ఎటు పోయారో చెప్పండి అన్నారు. కౌశికుడు చెప్పాడు. దొంగలు వాళ్ళను పట్టుకుని చంపారు. కౌశికుడు నరకానికి పోయాడు.

కాంట్ స్వర్గానికి పంపవలసినవాణ్ణి భారతం నరకానికి పంపింది. ఇందులో మన ప్రాచీనుల ఘనతను చాటుకోవటం నా ఉద్దేశం కాదు. అటువంటి పని చేసే పత్రికలు చాలా ఉన్నాయి. నాకు ఆసక్తి కలిగించేది కౌశికుడు చేసిన తప్పు ఎటువంటిదన్న సంగతి. అతను ఎవరికీ అబద్ధం చెప్పలేదు. అయినా అతనిలో ఒక పెద్ద అబద్ధం ఉన్నది. పొదల్లో ఊపిరి బిగపట్టి కూర్చున్న మనుషుల ప్రాణాలు ఒక పక్క, సత్యవాది అన్న తన పేరు ఒక పక్క ఉంటే, అతను తన పేరును కాపాడుకున్నాడు. కాపాడుకుంటూ, సత్యాన్ని కాపాడుతున్నాననుకున్నాడు. పరవంచన ఏ మాత్రమూ లేని ఆత్మవంచన అది. మనలో చాలామంది "నేను ముక్కుసూటి మనిషిని, ఉన్నమాట అంటాను" అని చెప్పుకుంటూ ఎదటివాణ్ణి నలిపేస్తారు. వాళ్ళంతా కౌశికుడి గోత్రీకులే.

దీనికి కొంచెం ముందు, ద్రోణపర్వంలో, ధర్మరాజు చేసిన పని అందరికీ తెలిసిందే. ఏనుగు చచ్చిన మాటను గొంతు తగ్గించి అన్నాడు. అంతవరకు నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచిన అతని రథం ఆ క్షణంలో నేలకు దిగింది. ఆ కల్పన చేసినవాడు గొప్పవాడు. ధర్మరాజు పచ్చి అబద్ధమే ఆడి, గురువును చంపటానికి అబద్ధమాడానని ఒప్పుకుని ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు గాని, అబద్ధం తెచ్చే లాభమూ కావాలి, సత్యసంధుడనే పేరూ కావాలి అన్నాడే, అక్కడ దిగింది రథం. నాకైతే పచ్చి అబద్ధమే అంతకంటె శుభ్రంగా కనిపిస్తుంది.

1946 నుంచి 1951 వరకు తెలంగాణా పల్లెల్లో ఈ ప్రశ్న పుస్తకాల్లోది కాకుండా పోయింది. మొదట నిజాం పోలీసులూ రజాకార్లూ, 1948 సెప్టెంబరు తర్వాత యూనియన్ సైన్యం ఊళ్ళమీద పడి, దళం ఎక్కడుందని అడిగారు. రాత్రి అన్నం వండి పెట్టిన మనిషే తెల్లవారి "ఎవరూ రాలేదయ్యా" అన్నది. తన్నులు తిన్నది, ఆ మాటే అన్నది. ఆమెను అబద్ధాలకోరు అనగలవాడు ఎవడైనా ఉంటే వాడితో నాకు వాదన లేదు.

అయితే ఇక్కడే జాగ్రత్తగా అడుగు వెయ్యాలి. శత్రువుతో అబద్ధం ఆడవచ్చునని ఒప్పుకున్నాం గనక, ఇక శత్రువు ఎవరో తేల్చే పని ఒకటి మిగులుతుంది. అది తేల్చేవాళ్ళు ఆ గీతను క్రమంగా తమకు ఇష్టం వచ్చిన చోటికి జరుపుతారు. పోలీసులకు చెప్పకూడనిది సానుభూతిపరులకు చెప్పటం మానేస్తారు, సానుభూతిపరులకు చెప్పనిది సభ్యులకు చెప్పటం మానేస్తారు, చివరికి తమకు తామే చెప్పుకోవటం మానేస్తారు. ఇందుకు నాకు తెలిసినంతలో జూలియస్ ఫ్యూచిక్ పుస్తకానికి పట్టిన గతి కన్న స్పష్టమైన ఉదాహరణ లేదు.

వామపక్ష సాహిత్యం చదివినవాళ్ళకు ఫ్యూచిక్‌ను పరిచయం చెయ్యనవసరం లేదు. చెకొస్లొవేకియా కమ్యూనిస్టు పాత్రికేయుడు. హిట్లరు ఆక్రమణ కాలంలో ప్రేగ్‌లో రహస్యంగా పనిచేస్తూ 1942 ఏప్రిల్‌లో గెస్టపోకు దొరికాడు. పాంక్రాట్స్ జైల్లో చిత్రహింసలు పెట్టారు. 1943 వసంతకాలంలో ఆ జైలు గదిలోనే చిన్న చిన్న కాగితాల మీద పెన్సిలుతో తన అనుభవాలు రాశాడు. ఆ సెప్టెంబరు 8న బెర్లిన్‌లో అతనికి మరణశిక్ష అమలు జరిపారు. రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరం నుంచి ప్రాణాలతో తిరిగి వచ్చిన అతని భార్య గుస్తా ఆ కాగితాలన్నీ వెతికి పోగుచేసి 1945లో పుస్తకంగా అచ్చువేయించింది. చెక్ భాషలో దాని పేరుకు అర్థం, ఉరితాడు నీడలో రాసిన రిపోర్టు అని. ఎన్నో పదుల భాషల్లోకి వెళ్ళింది. 1950లో ప్రపంచ శాంతి ఉద్యమం అతనికి మరణానంతర బహుమతి ఇచ్చింది.

ఆ కాగితాలు బయటికి వచ్చిన విధం నాకు పుస్తకమంత ముఖ్యంగా కనిపిస్తుంది. కొలిన్‌స్కీ అనే జైలు గార్డు కాగితమూ పెన్సిలూ తెచ్చి ఇచ్చాడు, ఫ్యూచిక్ రాస్తున్నంతసేపూ తలుపు దగ్గర కాపలా కాశాడు, రాసిన కాగితాలు బయటికి చేరవేశాడు. ఇతను చెక్ జాతివాడు. ఖైదీలకు సాయపడగలిగే ఉద్యోగం దొరకాలని తాను జర్మన్‌నని రాయించుకున్నాడు. శత్రువు యూనిఫారం తొడుక్కుని, పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా శత్రువుతో అబద్ధంలో బతికాడు. నిత్యసత్యవ్రతుడు ఎవడూ ఆ కాగితాలను ఆ జైలు గోడ దాటించలేడు.

ఇక అసలు సంగతి. 1945లో వచ్చిన పుస్తకం పూర్తి పుస్తకం కాదు. అందులోంచి కొన్ని భాగాలు కొట్టివేశారు. ఆ కొట్టివేసిన చోట ఫ్యూచిక్ ఏం రాసుకున్నాడు? మొదట కొన్ని వారాలపాటు తాను నోరు విప్పలేదనీ, ఆ తర్వాత పరిస్థితులు మారినప్పుడు గెస్టపోతో మాట్లాడటం మొదలుపెట్టాననీ, సహకరిస్తున్నట్టు నటించి వాళ్ళను తప్పుదారి పట్టించటానికి ప్రయత్నించాననీ రాశాడు. ఎవరు అడిగారని రాశాడు? ఎవరూ అడగలేదు. తాను వీరమరణం పొందబోతున్నానని అతనికి తెలుసు. చెప్పకుండా ఊరుకుంటే చెప్పేవాడు లేడు. అయినా తన ఆట తన వాళ్ళకు తెలియాలనీ, అది సరి అయినదో కాదో వాళ్ళే తేల్చుకోవాలనీ అతనికి అనిపించి ఉండాలి. గెస్టపోకు అబద్ధం చెప్పాడు. మనకు, ఆ అబద్ధం చెప్పాననే నిజాన్ని చెప్పాడు.

పార్టీ ఆ నిజాన్ని తీసేసింది. ఏ సద్బుద్ధితో తీసేసిందో ఊహించటం కష్టం కాదు. వీరుడు అంటే నోరు విప్పనివాడు అని జనానికి తెలుసు. నోరు విప్పి, నటించి, శత్రువుతో చదరంగం ఆడినవాణ్ణి అర్థం చేసుకోవటం కష్టం. శత్రువులు దీన్ని వాడుకుంటారు. జనం ఇంకా సిద్ధంగా లేరు. ఈ వాదనలు అన్ని దేశాల్లోనూ ఒకే రకంగా ఉంటాయి. మనం కూడా విన్నాం, వింటున్నాం. కొన్నాళ్ళకు ఫ్యూచిక్ పటం ప్రతి పాఠశాల గోడకూ ఎక్కింది. అతని పేరు కుర్రవాళ్ళను బెదిరించటానికి పనికి వచ్చింది. మిలన్ కుందేరా 1967లో అచ్చువేసిన "జోక్" నవలలో ఒక విద్యార్థి పోస్టుకార్డు మీద హాస్యానికి ఒక ముక్క రాసినందుకు అతని మీద సభలో విచారణ జరుగుతుంది. ఆ సభలో అభియోగం చేసేవాడు ముందుగా ఫ్యూచిక్ పుస్తకంలోంచి చదివి వినిపిస్తాడు. కుందేరాతో చాలా విషయాల్లో మనకు పేచీ ఉండవచ్చు. ఆ దృశ్యం మటుకు అతను ఊహించి రాయవలసిన అవసరం లేకపోయిందనుకుంటాను.

పూర్తి పాఠం 1995లో గాని వెలువడలేదు. ఈలోగా 1989లో అక్కడి ప్రభుత్వం కూలిపోయింది. జనానికి అనుమానాలు పుట్టాయి. అసలు ఫ్యూచిక్ ఈ పుస్తకం రాశాడా, ఇది పార్టీ కల్పించినదా, అతను గెస్టపోకు లొంగిపోయిన ద్రోహి కాడా అని బాహాటంగా అన్నారు. చివరికి ఆ చేతిరాత అతనిదేనని నిపుణుల చేత పరీక్ష చేయించి తేల్చవలసి వచ్చింది. శత్రువులు వాడుకుంటారన్న భయంతో దాచిన నాలుగు మాటలు యాభై ఏళ్ళ తర్వాత అదే శత్రువుల చేతికి ఆయుధమైనాయి. ఆ మాటలు 1945లోనే అచ్చై ఉంటే పాఠకులు వాటిని చదివి, కాస్సేపు ఇబ్బందిపడి, వాదించుకుని, అతన్ని మరింత దగ్గరివాడుగా భావించి ఉండేవాళ్ళు. జనం సిద్ధంగా లేరని అనుకున్నవాళ్ళు జనాన్ని ఒక్కసారి అడిగి చూడలేదు.

ఫ్యూచిక్ ఆడిన అబద్ధానికీ పార్టీ ఆడిన అబద్ధానికీ తేడా ఎక్కడుంది? ఉద్దేశంలో అంటే చాలదు. ఇద్దరి ఉద్దేశమూ మంచిదే. నాకు కనిపించే తేడా ఇది: ఫ్యూచిక్ తన అబద్ధాన్ని తన వాళ్ళ ఎదట బయటపెట్టగలడు, పెట్టాడు. "ఎవరూ రాలేదయ్యా" అన్న మనిషి, పోలీసు జీపు ఊరు దాటగానే ఆ సంగతి ఊరందరికీ నవ్వుతూ చెప్పుకోగలదు. పుస్తకంలో పేజీలు కొట్టివేసినవాడు నేను కొట్టివేశానని చెప్పుకోలేడు. చెప్పిన మరుక్షణం ఆ పని చెడుతుంది. ఇది నేను కొత్తగా కనిపెట్టిన సూత్రమేమీ కాదు. ఇతరుల హక్కులకు సంబంధించిన ఏ పని అయినా, దాని వెనక ఉన్న నియమాన్ని బహిరంగంగా చెప్పుకోవటానికి వీలు లేనిదైతే, అది అన్యాయమేనని 1795లో రాసినవాడు ఆ కాంటే. రెండేళ్ళ తర్వాత హంతకుడి దగ్గర తడబడ్డాడు గాని, ఈ మాట మనం ఉంచుకోదగ్గదే.

1956 ఫిబ్రవరి 25న కృశ్చేవ్ స్టాలిన్ కాలపు అత్యాచారాలను గురించి మాట్లాడింది కూడా మూసిన తలుపుల వెనకనే. ఆ ఉపన్యాసాన్ని పార్టీ సమావేశాల్లో చదివి వినిపించారు తప్ప సోవియట్ దేశంలో 1989 వరకు అచ్చువెయ్యలేదు. న్యూయార్కు పాఠకుడు మాత్రం 1956 జూన్‌లోనే దినపత్రికలో చదువుకున్నాడు. అబద్ధాన్ని ఖండించే మాటను కూడా రహస్యంగా ఉంచవలసి వచ్చిందంటే రోగం ఎంత లోతుకు పోయిందో చెప్పనక్కర్లేదు.

పైగా పరవంచన పరులతో ఆగదు. 1948 ఆగస్టులో మాస్కోలో వ్యవసాయ శాస్త్రాల అకాడమీ సమావేశం లైసెంకో సిద్ధాంతాన్ని ప్రభుత్వ సిద్ధాంతం చేసింది. తన నివేదికకు పార్టీ కేంద్ర కమిటీ ఆమోదం ఉన్నదని లైసెంకో సభలోనే ప్రకటించాడు. ప్రపంచమంతా తిరిగి విత్తనాలు పోగుచేసిన వావిలోవ్ 1940లో అరెస్టయి, అప్పటికే 1943లో సరాటోవ్ జైల్లో చచ్చిపోయాడు. లైసెంకోను జన్యుశాస్త్ర సంస్థ అధిపతి పదవి నుంచి 1965లో గాని తొలగించలేదు. జన్యుశాస్త్రంలో తన కాలపు దిగ్గజాల్లో ఒకడైన హాల్డేన్ వంటివాడు కూడా కొంతకాలం బహిరంగంగా గట్టి మాట చెప్పలేక తప్పుకు తిరిగాడు. ఎందుకు? అబద్ధం చెప్పాలని కాదు. నమ్మినవాళ్ళు చెప్పింది నిజమై ఉంటే బాగుండునని కోరుకున్నాడు. కోరిక ప్రమాణమైపోయింది. గోధుమ గింజ మాత్రం ఎవరి తీర్మానానికీ మొలవదు.

ఇక్కడ చాలామంది మిత్రులు ఒక సులువైన పరిష్కారం సూచిస్తారు. ఎవరికి వారు తమ అంతరాత్మతో నిజాయితీగా ఉంటే చాలునట. మిగిలినవి వాటంతట అవే చక్కబడతాయట. ఈ మాట వినటానికి బాగుంటుంది. కాని అంతరాత్మ దగ్గరికి వెళ్ళి నిజం అడిగితే అది నిజమే చెబుతుందన్న భరోసా ఏమిటి? ఎంగెల్స్ 1893 జూలైలో మెహ్రింగ్‌కు రాసిన ఉత్తరంలో దీన్ని గురించే చెప్పాడు. భావజాలాన్ని తయారుచేసే ఆలోచనాపరుడు స్పృహతోనే ఆలోచిస్తాడు, కాని అది మిథ్యాస్పృహ. అతన్ని నడిపించే అసలు ప్రేరణలు అతనికే తెలియవు, తెలిస్తే ఆ వ్యవహారమే సాగదు అని. అంటే చిత్తశుద్ధి ఉన్నవాడు కూడా నిలువునా అబద్ధంలో బతకవచ్చు. చిత్తశుద్ధి ఉన్న కొద్దీ ఆ అబద్ధం గట్టిపడవచ్చు కూడా.

గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర"లో సీతారామారావును చూడండి. తన్ను తాను అతనంతగా తవ్వి చూసుకున్నవాడు మన నవలల్లో అరుదు. తన ప్రతి పనికీ, ప్రతి ఓటమికీ, పెళ్ళాం మీద విసుగుకూ, డబ్బు తగలేసుకోవటానికీ ఒక తత్వం చెబుతాడు. తవ్విన కొద్దీ మట్టి తనమీదే పడి కప్పుకుపోయాడు తప్ప, నిజం అతనికి దొరకలేదు. ఒంటరిగా కూర్చుని చేసుకునే ఆత్మపరీక్షలో ముద్దాయి, వకీలు, జడ్జి ముగ్గురూ ఒకడే. కొట్టివెయ్యని కేసు ఉంటుందా?

"కన్యాశుల్కం" మనకు ఇంకొక తేడా చూపిస్తుంది. గిరీశం అబద్ధాలు ఇతరులకు చెబుతాడు. తనకు తాను చెప్పుకోడు. తానేం చేస్తున్నాడో అతనికి బాగా తెలుసు. అగ్నిహోత్రావధాన్లు సంగతి అట్లా కాదు. ఒక కూతురు విధవ అయి ఇంట్లో కూర్చున్నా, రెండవ కూతుర్ని ముసలివాడికి అమ్మటానికి సిద్ధపడి, అది ధర్మమేనని, తండ్రిగా తన అధికారమేనని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. మనం గిరీశాన్ని చూసి నవ్వుతాం, ఇరుగుపొరుగుల్లో గిరీశాలను గుర్తుపడతాం. మన అభ్యుదయవాదుల్లో గిరీశాలు లేకపోలేదు గాని తక్కువ. అవధాన్లు ఎక్కువ. వాళ్ళను గుర్తుపట్టటం కష్టం, ఎంచేతంటే వాళ్ళు అబద్ధం చెప్పరు.

ఈ మాటకు ఉదాహరణ కావాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. కన్యాశుల్కం పోయి వరకట్నం వచ్చింది. దాన్ని నిషేధిస్తూ 1961లో చట్టమూ వచ్చింది. మన లెక్చరర్లు, మన కవులు, మన సంఘాల సభ్యులు ఎంతమంది ఆ చట్టాన్ని తమ పెళ్ళిలో అమలు జరిపారు? "నాకు ఇష్టం లేదు, మా అమ్మ బాధపడుతుందని ఒప్పుకున్నాను", "చెల్లెలి పెళ్ళికి ఇవ్వాలి గదా", "అది కట్నం కాదు, వాళ్ళ అమ్మాయికి వాళ్ళు ఇచ్చుకున్న పొలం." ఈ మాటలు అన్నవాడు మనల్ని మోసం చెయ్యటం లేదు. అతనికి నిజంగానే ఇష్టం లేదు. ఇష్టం లేకుండా తీసుకున్న డబ్బు కూడా బ్యాంకులో అదే వడ్డీ తెస్తుందన్న సంగతి ఒక్కటే అతను గమనించలేదు.

కులం సంగతి మరీ విచిత్రం. తనకు కులం లేదని ప్రకటించటం పై కులంలో పుట్టినవాడికి చాలా తేలిక. అది ఇచ్చే సౌకర్యాలు ప్రకటనతో పోవు గనక. ఆ సౌకర్యాలు లేనివాడు తన కులం సంగతి ఎత్తితే, మనలో కులతత్వం తెస్తున్నాడని నొచ్చుకునేది కూడా అతనే. ఈ నొప్పి నటన కాదు. నటన అయితే బాగుండేది.

మన సమావేశాల్లో ఆత్మవిమర్శ అనే కార్యక్రమం ఒకటి ఉంది. "నాలో ఇంకా మధ్యతరగతి బలహీనతలు పోలేదు, క్రమశిక్షణ లోపించింది, అధ్యయనం చాలటం లేదు" అని ఒకరి తర్వాత ఒకరు లేచి చెబుతారు. తలలు వంచుకుని వింటారు. మినిట్సులో రాసుకుంటారు. నేను అటువంటివి చాలా విన్నాను. వాటిలో చెప్పినవాడికి ఖర్చయ్యే వాక్యం ఒక్కటి కూడా వినబడేది కాదు. మధ్యతరగతి బలహీనత అనటానికి ఏమీ పోదు. మా నాన్నకు ఇన్ని ఎకరాలు ఉన్నాయి, నాట్లకు వచ్చే ఆడకూలీకి మొన్న ఇంత ఇచ్చాడు, మగవాడికి ఇంత ఇచ్చాడు, ఆమె దాహం అడిగితే మా ఇంట్లో ఫలానా గ్లాసులో పోస్తారు, ఈ విషయం నేను ఇంట్లో ఎత్తలేదు అని చెబితే పోతుంది. దానికి అంకెలు ఉంటాయి. మళ్ళీ ఏడాది ఆ అంకె మారిందా అని అడిగేవాళ్ళు ఉంటారు. నిజాన్ని చెప్పటానికి ధైర్యం ఎంత కావాలో, దాన్ని సరిచూడటానికి ఇంకొక మనిషి అంత కావాలి. ఆ ఇంకొక మనిషి ఆ ఆడకూలీయే అయితే మరీ మంచిది. కాని ఆమెకు ఆ సమావేశంలో కుర్చీ లేదు. ఉన్నా, రేపు కూలికి పిలిచే ఆసామి కొడుకు ఎదట ఆమె నిజం ఎందుకు చెబుతుంది? బలవంతుడి చుట్టూ అందరూ అబద్ధాలే చెబుతారు. అది వాళ్ళ దుర్గుణం కాదు, అతని బలం తెచ్చిన నష్టం. ఆమె నిర్భయంగా అతన్ని తప్పు పట్టగలిగే స్థితి ఏర్పడినంతవరకే అతను తనను గురించి నిజం తెలుసుకోగలడు. అందుకని నిజాయితీ వ్యక్తి శీలానికి మాత్రమే సంబంధించినదని నేను అనుకోను. కూలిరేటుతో, కౌలు కాగితంతో, ఉద్యోగ భద్రతతో దానికి సంబంధం ఉంది.

1986లో హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు "మనకు తెలియని మన చరిత్ర" అనే పుస్తకం వేశారు. తెలంగాణా పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలుసుకుని, వాళ్ళ మాటలను వాళ్ళ మాటల్లోనే రికార్డు చేసి అచ్చువేశారు. అప్పటికి పోరాటం విరమించి 35 సంవత్సరాలు. దళాల్లో తిరిగినవాళ్ళు, ఉత్తరాలు మోసినవాళ్ళు, దెబ్బలు తిన్నవాళ్ళు అందులో ఉన్నారు. అడవిలో కన్నబిడ్డను వదులుకోవలసి వచ్చిన తల్లి ఉన్నది. స్థావరాల్లో ఆడవాళ్ళు ఉండటమే ఒక సమస్య అన్నట్టు చూశారని, పోరాటం ఆగిపోయాక ఇక ఇళ్ళకు వెళ్ళమన్నారని వాళ్ళు చెప్పారు. ఆ తర్వాత తమ బతుకులు ఎట్లా అయినాయో చెప్పారు. ఆ రోజుల్లో పోలీసులు ఎంత కొట్టినా పేరు చెప్పని తరం అది. ఈ సంగతులు చెప్పటానికి వాళ్ళను ఎవరూ కొట్టనక్కర్లేకపోయింది, వచ్చి అడిగితే చాలింది.

ఇటువంటి పుస్తకాలు ఉద్యమాన్ని కించపరుస్తాయనీ, శత్రువులు వాడుకుంటారనీ అన్న పెద్దలు నాకు తటస్థపడ్డారు. వాళ్ళు అందులో పేజీలు ఎన్ని చదివారో నాకు తెలియదు. చదివిన నాకు కనిపించింది వేరు. పార్టీ తమను ఎట్లా చూసిందో చెబుతూ బాధపడిన గొంతుతోనే ఆ స్త్రీలు, తమ బతుకుల్లో మనుషులుగా బతికింది ఆ నాలుగైదు ఏళ్ళేనన్న భావం కూడా కనబరిచారు. గర్వమూ ఫిర్యాదూ ఒకే మనిషి నోట, ఒక్కోసారి ఒకే మాటలో వచ్చాయి. దొర గడీ ఎదట నిలబడిన సంగతీ, తమ నాయకుడు తమ మాట వినిపించుకోని సంగతీ వాళ్ళు విడదీసి చెప్పలేదు. మొన్నీమధ్య ఒక అధ్యయన తరగతికి ఆ పుస్తకంలోంచి భాగాలు ఎంపిక చెయ్యమని నన్ను అడిగారు. పోరాట ఘట్టాలు మాత్రం తీసుకుంటే చాలునని ఒకాయన సలహా ఇచ్చాడు. ఒక్కొక్కరి కథ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఉన్నదున్నట్టు చదివించమని చెప్పి పంపాను.